కల్నల్ గారి పైపు

మా ఆయన సుభానీ నాటకాల్లో ఎప్పుడూ నౌకరే. “చిత్తం దొరగారూ” అంటూ కాఫీ కప్పుతో వచ్చి, ఖాళీ కప్పుతో పోవడం. పగలు గుంటూరు మిరప యార్డులో కమీషన్ కొట్టు గుమస్తా, సాయంత్రమైతే పెదకాకానిలో ప్రేమదాసు మాస్టారి నాటక సమాజం. పెళ్లికి ముందు నేనూ ఆ యార్డులోనే కాయలకు తొడిమలు తీసేదాన్ని.

కార్గిల్ యుద్ధం అయిన మరుసటి ఏడు మాస్టారు కొత్త నాటకం రాసి, ఈయనకు కల్నల్ వేషం ఇస్తానన్నారు. కొడుకు యుద్ధంలో పోయాడని తెలిసినా ఆ కల్నల్ ఏడవడు. పైపు పీలుస్తూ ఒక్క మాట అంటాడు, చూసేవాళ్లు ఏడవాలి.

“ఆదివారం అందరి ముందూ చేసి చూపించు సుభానీ. దగ్గావంటే వేషం జయరావుకి ఇచ్చేస్తా” అని మాస్టారు పైపూ పొగాకు డబ్బా చేతిలో పెట్టారు. జయరావు సిగరెట్ల మీద బతికే మనిషి. మా ఆయన బీడీ కూడా ముట్టి ఎరగరు.

ఆ వారమంతా మా ఇంట్లో కల్నల్ గారి కాపురం. అద్దం ముందు నిలబడి, పైపు వెలిగించి, ఒక్క దమ్ము లాగి, గోడ పట్టుకుని దగ్గడం. గట్టిగా కూరితే గాలి ఆడదు, వదులుగా కూరితే నిప్పు నిలవదు. పొగ నోట్లోనే ఉంచి వదలమన్నారట మాస్టారు. ఈయన పొగ మాత్రం నేరుగా గుండెల్లోకే పోయేది.

“కల్నల్ గారూ, మీ దగ్గు విని శత్రువులు పారిపోయారు. ఇక అన్నానికి రండి” అన్నాను. మూతి ముడుచుకున్నారు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

శనివారం పొగాకును వేళ్లతో నలిపి చూశారు. ఆయన కళ్లు మెరిశాయి.

“ఖాదర్‌బీ, తప్పు నాది కాదే! సరుకు చెమ్మగా ఉంది. ఇట్టాంటి సరుకు యార్డుకి తెస్తే ఎవడన్నా కొంటాడా?”

“పైపు పొగాకు అట్టాగే ఉంటుందేమోనండి. మాస్టారిని అడగండి.”

“సరుకు సంగతి నాకు చెప్తావా?”

డాబా మీద ఎండుతున్న మా మిరపకాయల పక్కనే పేపరు పరిచి ఆరబోశారు. కాయల్ని తిరగేసిన చేత్తోనే దాన్నీ తిరగేశారు. గాలి కూడా తన వంతు సాయం చేసింది. సాయంత్రానికి గలగలలాడుతుంటే మురిసిపోతూ డబ్బాకెత్తారు.

ఆదివారం మధ్యాహ్నం నేనూ వెంట వెళ్లాను. బడి హాల్లో పైపు వెలిగింది. మొదటి పొగకే ముందు వరసలో జయరావు తుమ్మాడు. రెండో పొగకి మాస్టారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత హాలంతా ఖళ్లుఖళ్లున దగ్గే. డబ్బాలోకి మిరప గింజలు ఎన్ని చేరాయో అప్పుడర్థమైంది నాకు.

మా ఆయన మాత్రం రెప్ప ఆర్పలేదు. వారం పాటు తియ్యటి పొగతో కుస్తీ పట్టిన మనిషికి, ఇన్నాళ్లకు తనకు తెలిసిన ఘాటు తగిలింది. నింపాదిగా ఇంకో దమ్ము లాగి, పొగ వదిలి, మెల్లగా అడిగారు.

“ఆ పూట... వాడు అన్నం తిన్నాడా?”

ఒక్కరి కళ్లూ పొడిగా లేవు.

“వేషం నీదే నాయనా, ముందా పైపు ఆర్పు!” అంటూ మాస్టారు కిటికీ దగ్గరికి పరుగెత్తారు.

ఇంటికొస్తూ మా ఆయన మీసం దువ్వుకున్నారు. “అందర్నీ ఏడిపించానా లేదా? నీ కళ్లు కూడా ఎర్రబడ్డాయి.”

“మిరప ఘాటుకి లెండి” అన్నాను.

ఆయన నడక ఆపి నా వంక చూశారు. మిరపకాయ నన్ను ఏనాడూ ఏడిపించలేదని ఆయనకు తెలుసు.