ఇద్దరికి ఒక్కడు

కోటగిరి దారిలోని చక్కెర ఫ్యాక్టరీ బాస్కెట్‌బాల్ జట్టు కప్పు పోటీకి నిజామాబాద్ పోయి, వరుసగా నాలుగో ఏడు ఓడి వచ్చింది. మరునాడు మధ్యాహ్నం గేటు ఎదుటి హోటల్లో యథాప్రకారం పంచాయితీ మొదలైంది. బంతిని ఏనాడూ ముట్టనివాళ్లకే ఆట మీద అభిప్రాయాలు ఎక్కువ. అక్కడ కూర్చునేవాళ్లంతా ఆ బాపతే.

బాయిలర్ దగ్గర పనిచేసే లింగం ఎప్పటి మాటే ఎత్తాడు. ఎనిమిదేళ్ల కింద హైదరాబాద్ బ్యాంకు జట్టొకటి ఇక్కడి ఆటగాడు పోశన్నను తమకిమ్మని, బదులుగా తాటిచెట్టంత మనుషులిద్దరిని పంపుతామని అడిగింది. ఆ బేరం చెడగొట్టకుంటే కప్పు ఇక్కడే ఉండేదన్నాడు లింగం. కొత్తవాళ్లను తయారుచేయడం మనకెలాగూ చేతకాదు, తయారై వచ్చేవాళ్లనైనా తెచ్చుకోవద్దా అని దెప్పాడు.

చెడగొట్టింది అక్కడే కూర్చున్న తోటి కార్మికుడు ఆత్మారామే. చెరకు క్రషింగ్ జోరుగా నడుస్తున్న రోజుల్లో అరవై మందిని వెంటేసుకుని మేనేజర్ బంగ్లా ముందు బైఠాయించాడు. పోశన్నను పంపితే మిల్లు ఆపేస్తామన్నాడు. చెరకు దింపే కూలీని ఆటగాణ్ణి చేసింది మనమైతే, తీరా పండాక పరాయివాళ్లు కోసుకుపోతారా అని ఇప్పటికీ ఛాతీ విరిచి అడుగుతాడు. అయితే ఆ బ్యాంకు పోశన్నకు పర్మనెంటు ఉద్యోగం కూడా ఇస్తానంది. ఆ సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని ఆత్మారాంకు లోలోపల గుబులు. ఫ్యాక్టరీవాళ్లు ఇక్కడే ఇస్తామన్న ఉద్యోగం రానేలేదు. పోశన్న నేటికీ సీజన్ కూలీయే. మోకాలు చెడి జట్టులోంచీ పోయాడు. వచ్చే నెల ఫ్యాక్టరీకే తాళం పడుతోంది.

అంతలో ఆ పోశన్నే కుంటుకుంటూ చాయ్‌కి వచ్చాడు. లింగం మాటలు అతని చెవిన పడనే పడ్డాయి. అతను వచ్చి ఆత్మారాం పక్కనే కూర్చున్నాడు.

"లింగమన్న జెప్పేదే సహీ" అన్నాడు. "నన్నిచ్చి గాళ్లిద్దర్ని తెచ్చుకుంటె రెండు కప్పులన్న వస్తుండె. బోర్డు కింద నిలవడెటోడు మనకు ఎన్నడు లేకపాయె."

తన గురించి ఎవరో మూడో మనిషి అన్నట్టు మాట్లాడుతున్నాడు. ఆత్మారాం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఉద్యోగం ఊసు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని చూశాడు. రాలేదు. చివరికి తనే ఉండబట్టలేకపోయాడు.

"నువ్వు పోదామనుకున్నవారా?"

"బ్యాగు సదురుకున్న గదనే. మా అవ్వ రొట్టెలు గూడ కట్టింది."

"మరి ఎందుకు జెప్పలే?"

"చెప్దామనే బంగ్ల కాడికొచ్చిన. అప్పటికే మీరు అరవై మంది నా పేరు వెట్టి జిందాబాద్ కొడ్తున్నరు. అంతకుముందు నా పేరు గట్ల ఎవ్వలు వలకలే. పోత అని ఎట్ల జెప్పాలె అన్నా?"

నింద లేదు ఆ గొంతులో. ఉంటే ఆత్మారాం ఎదురు వాదించేవాడే, వాదన అతనికి బాగా వచ్చు. ఇప్పుడు సిగ్గుతో ఒళ్లంతా ముడుచుకుపోయింది.

లింగం మాత్రం ఆ ఇద్దరూ వచ్చి ఉంటే ఎవర్ని ఎక్కడ ఆడించాల్సిందని అడిగాడు. పోశన్న ఉత్సాహంగా ముందుకు జరిగి, తను నిలబడే చోట ఆ ఇద్దరిలో ఎడమచేతివాణ్ణి పెడితే జట్టు ఎంత బాగుపడేదో వివరించసాగాడు.