అండాశయం వెనక

ఆపరేషన్ థియేటర్లో ఇరవై రెండేళ్ళ సర్వీసున్న నర్సమ్మ ఆ పొద్దున ఒకటే కోరుకుంది. టేబుల్ మీద పడుకోబెట్టిన మనిషికి లోపల ఏ జబ్బూ కనబడకూడదని. మనిషి బాగుండాలని కాదు లెండి, తన మాట నిలబడాలని. పడుకున్నదెవరో పరాయిది కూడా కాదు, స్వయానా ఆడపడుచు.

ఆరేళ్ళ కిందట నెలనెలా కడుపునొప్పని వస్తే ఇదే టేబుల్ మీద ఈ పిల్లకే బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, కెమెరా గొట్టం లోపలికి పంపి చూశారు. అప్పుడు చేసింది పెద్ద డాక్టరు. ఇప్పుడు రిటైరయ్యాడు. ఆయన నాలుగే నాలుగు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, "శుభ్రంగా ఉంది, కుట్టేయండి" అన్నాడు. మిషన్ల దగ్గర నిలబడ్డ నర్సమ్మ ఇంటికెళ్ళి నోరు మూసుకుని ఊరుకుందా? "నా కళ్ళతో చూశాను, ఏమీ లేదు" అని నలుగురిలో గొప్పగా చెప్పేసింది.

ఆ ముక్క చాలు కదా జనానికి. నెలకి ఐదారు రోజులు మంచం దిగలేని పెళ్ళాన్ని మొగుడు "మీ వదినే చెప్పిందిగా, నాటకాలాపి లే" అనేవాడు. కన్నతల్లి "ఆడపుట్టుక పుట్టాక ఓర్చుకోవాలే" అనేది. సెలవులు పెట్టీ పెట్టీ పిల్ల ఉద్యోగం ఊడింది. ఆ వెనకే మొగుడూ పెట్టె సర్దుకుని చక్కా పోయాడు, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

ఈసారి ఆపరేషన్ చేసేది కొత్తగా వచ్చిన పొట్టి డాక్టరమ్మ. స్టూలెక్కితే గానీ ఆవిడకి టేబులందదు. నోరు మాత్రం ఎవరికైనా అందుతుంది. నర్సమ్మ డ్యూటీ మార్చుకోబోతే ఆడపడుచు అడ్డం తిరిగింది. వదిన గదిలో ఉంటేనే కాగితం మీద సంతకం పెడతానంది.

మత్తు ఇవ్వబోతుంటే కూడా ఊరుకోలేదు. "ఈసారన్నా సరిగ్గా చూడు వదినా. మళ్ళీ ఏమీ లేదంటే నేనే వెళ్ళి పిచ్చాసుపత్రిలో చేరతాను. మీకందరికీ పీడ పోతుంది."

"ఇప్పుడెందుకమ్మా ఆ మాటలు?"

"ఇంకెప్పుడంటాను? నేను లేచేలోపు నువ్వు ఇల్లంతా టాంటాం వేసేస్తావుగా!"

మత్తు డాక్టరు తల దించుకుని సూది ఎక్కించాడు. నర్సమ్మకి అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. చూద్దాంలే, ఏం దొరుకుతుందో నేనూ చూస్తానుగా అని పళ్ళు నూరుకుంది.

లోపల కెమెరా తిరగడానికి చోటుండాలని పొట్టలోకి గ్యాసు ఎక్కిస్తారు. పెద్ద డాక్టరుకి పొట్ట బిగుతుగా ఉబ్బి ఉండాలి. ఆయన అడక్కముందే మీట పైదాకా తిప్పి ఉంచడం నర్సమ్మ అలవాటు, అందుకు ఆయన మెచ్చుకునేవాడు కూడా. ఈ రోజూ అలాగే తిప్పింది.

"తగ్గించండి సిస్టర్," అంది డాక్టరమ్మ.

"సార్ ఎప్పుడూ ఇంతే పెట్టించేవారు మేడమ్."

"సార్ ఇంట్లో పేపరు చదువుకుంటున్నారు. సగానికి తగ్గించండి."

నర్సమ్మకి ఒళ్ళు మండింది. "సగానికైతే ఏం కనిపిస్తుంది?"

"కనిపించాలనే తగ్గించమంటున్నాను. అంత బిగించారంటే సన్నటి రక్తనాళాలన్నీ నలిగి, ఎర్రగా ఉండాల్సిన మచ్చ కూడా పాలిపోతుంది. ఇక ఎవరికి కనపడుతుంది, మీ సార్‌కా?"

"ఆయన నల్ల మచ్చలు చూసేవారు. ఎండోమెట్రియోసిస్ అంటే నల్లగా ఉంటుందని మాకందరికీ చెప్పారు."

"నల్లగానూ ఉంటుంది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిది బయట మొలిస్తే, ఒకచోట ఎర్రగా, ఒకచోట తెల్లగా, ఒక్కోచోట నీటిబుడగలా ఉంటుంది. నల్లవే వెతుకుతూ కూచుంటే మిగతావి మనల్ని పిలిచి చెప్తాయా?"

నర్సమ్మ విసురుగా మీట తిప్పింది. నిమిషం గడిచింది. తెర మీద తెల్లగా, నున్నగా మెరుస్తున్న లోపలి పొర మెల్లిగా గులాబీ రంగుకి తిరిగింది. ఆ గులాబీలోంచి ఎర్రటి చుక్కలు లేచాయి. ముందు రెండు, తర్వాత మూడోది. డాక్టరమ్మ కెమెరాని వేలెడు దూరానికి తీసుకెళ్తే వాటి చుట్టూ అల్లుకున్న నాళాలు కూడా కనిపించాయి.

"ఇంకా అయిపోలేదు," అంటూ డాక్టరమ్మ పట్టకారుతో అండాశయాన్ని ఎత్తింది. దాని వెనక పొర ముడుచుకుపోయి, తెల్లగా గట్టిపడి, లోపలికి లాక్కుపోయి ఉంది. "ఇది నిన్నా మొన్నటిది కాదు. ఇలా గట్టిపడాలంటే ఏళ్ళు పడుతుంది. అప్పుడు దీన్ని ఎత్తి చూశారా సిస్టర్?"

నర్సమ్మ గ్యాసు మిషన్ వైపు తిరిగి మీట సరిచూడసాగింది.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఎత్తారా లేదా?"

"లేదు."

డాక్టరమ్మ ఒక్కో ముక్కా కత్తిరించి ఇస్తుంటే నర్సమ్మ సీసాల మీద ఆడపడుచు పేరు రాస్తూ పోయింది. తొమ్మిది సీసాలు. ల్యాబ్ రిపోర్టు రావాలి గానీ, ఆ గదిలో ఎవరికీ అనుమానం మిగల్లేదు.

బయట వరండాలో అత్తగారు బెంచీ మీద కూచుని ఉంది. కోడల్ని చూసి లేవను కూడా లేవలేదు. "ఏమీ లేదు కదూ?" అంది, ముందే తెలిసినట్టు.

"ఉంది అత్తయ్యా. తొమ్మిది చోట్ల."

పెద్దావిడ నోరు తెరిచింది. "కొత్తగా వచ్చుంటుందిలే. అప్పుడు లేదుగా? నువ్వు చూశావుగా?" అంది.

అవునంటే అయిపోయేది. అత్తగారే తలుపు తీసి దారి చూపిస్తోంది, ఇంట్లో పరువు దక్కుతుంది, ఎవరొచ్చి అడగబోతారు? అవుననే మాట నర్సమ్మ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చేతికి ఇంకా సీసాల మీద రాసిన సిరా అంటుకునే ఉంది.

"అప్పుడూ ఉంది. మేం సరిగా చూడలేదు. గ్యాసు బిగించింది కూడా నేనే. చూడాల్సిన చోటు చూడకుండానే లేదని చెప్పాను."

"ఆరేళ్ళు..." అంది అత్తగారు. "నా కూతుర్ని నాచేతే ఎన్నెన్ని మాటలు అనిపించావే! ఛీ, అవతలికి పో!"

నర్సమ్మ లోపలికొచ్చేసరికి ఆడపడుచుకి తెలివొచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"దొరికిందా?"

"దొరికింది."

"ఎప్పటినుంచీ ఉందో అమ్మకి చెప్పావా?"

"చెప్పాను. తప్పంతా నాదేనమ్మా. నన్ను..."

"ఏడవకు. ఏడిస్తే ఇప్పుడు నేను నిన్ను ఓదార్చాలా? నాకంత ఓపిక లేదు. వార్డుకి వేరేవాళ్ళని పంపించు. నీ చెయ్యి నా మీద పడకూడదు."

నర్సమ్మ వార్డు సిస్టర్ని పిలిచి, సెలైను సంగతి, కుట్ల సంగతి, మందుల వేళలు అన్నీ అప్పజెప్పింది.

ఆ అమ్మాయికి ఇవేం తెలుసు పాపం! మంచం తోస్తూ నవ్వింది. "మీ వదినగారే కదండీ, ఆవిడ్ని కూడా రమ్మనండి, మీకు ధైర్యంగా ఉంటుంది."

"వదినెవరు?" అంది ఆడపడుచు. "ఆవిడ మా అన్నయ్య భార్య. పదండి."