పతకం అంచు

శనివారం పొద్దున ఇటుకపొడితో ఇత్తడి తోమడం ఇంగ్లండులోని నార్త్ షీల్డ్స్ రేవులో ప్రతి ఇంటా ఉన్న పనే. డోర్కస్ రాబ్సన్ తలుపు పిడి తోమేది, కొవ్వొత్తి దిమ్మె తోమేది, చివర్న తన పతకం తోమేది. ముప్ఫై ఏళ్ల కిందట నడిసముద్రంలో ఓడ అంటుకుంటే, అందులో ప్రయాణికుల పరిచారికగా ఉన్న ఆమె నాలుగుసార్లు పొగలోకి దిగి పదకొండు మంది పిల్లల్ని పైకి మోసుకొచ్చింది. అందుకిచ్చిన ఆ పతకం నాటి నుంచి చల్లారలేదు. పక్కింటి మెగ్, పసిదానికి రొంప చేసినప్పుడల్లా దాన్ని అడిగి పట్టుకెళ్లి, గుడ్డలో చుట్టి గుండెల మీద పెట్టేది. "ఇది ఆడదాని పనేనా?" అని నవ్విన చేపలాయనకు మీసం ఒక కొస మాడిపోయిన సంగతి వీధంతా ఎరుగును.

ఆ శనివారం డోర్కస్ ఉంటున్న నావికుల ఆశ్రమానికి కొత్త ధర్మకర్త కాటరిల్ వచ్చాడు. సాహస పతకం వచ్చినవాళ్లకే అక్కడ గది. పాత కాగితాలు చెమ్మకు చీకిపోయాయని ఒక్కొక్కరినీ రుజువు అడుగుతున్నాడు.

"అంచున పేరు చెక్కి ఉండాలి. ఇది నున్నగా ఉందే?"

"ముప్ఫై ఏళ్లు తోమాను. అరిగింది."

"ఓడ పేరు?"

డోర్కస్ నోరు తెరిచింది. పేరు రాలేదు. ఈ మధ్య చెల్లెలి పేరూ అలాగే జారిపోయింది. పిల్లల బరువు మాత్రం భుజాల మీద అలాగే ఉంది.

"గుర్తులేదు," అంది తల దించకుండా.

"అయితే ఇది మీ ఆయనది."

"మా ఆయన దర్జీ. పడవలో ఏరు దాటినా కక్కేవాడు."

గుమ్మంలో మెగ్ పగలబడి నవ్వింది. కాటరిల్ నవ్వలేదు. "సోమవారానికి గది ఖాళీ చెయ్యండి. పేదలశాలలో చోటుంది. పతకం ఇటివ్వండి, అసలు మనిషెవరో కనుక్కుంటాం."

"అసలు మనిషి మీ ముందే కూర్చుంది."

"ఓడ పేరే తెలియదు, మళ్లీ మాటలు!"

"మంటల్లోకి దిగేముందు పేరు చదువుకుంటూ నించోలేదయ్యా. ఇదుగో, పుచ్చుకోండి. గట్టిగా పట్టుకోండి."

"చేపలాయన మీసం..." అని మెగ్ గొణిగింది. కాటరిల్ వినిపించుకోలేదు. పిడికిలి బిగించాడు.

చర్మం కాలిన వాసన వచ్చింది. పతకం నేల మీద పడి దొర్లింది. ఆయన అరచేతిలో ఎర్రగా, గుండ్రంగా అక్షరాలు తేలాయి: డోర్కస్ రాబ్సన్, నార్నా ఓడ.

"వెన్న రాయనా?" అంది మెగ్.

డోర్కస్ ఆ చేతిని వెలుతురుకు తిప్పి చదువుకుంది. "నార్నా. అదే. నాలిక చివరే ఉంది."

గది ఆమెకే ఉండిపోయింది. కాటరిల్ చేతి మీద మచ్చా ఉండిపోయింది. ఆ చలికాలం ఓడ పేరు మళ్లీ జారిపోతే, ఆమె కర్ర పట్టుకుని నేరుగా ఆయన కచేరీకి వెళ్లింది.

"చెయ్యి చూపించండి."

కాటరిల్ చెయ్యి కోటు జేబులో దాచుకున్నాడు.

డోర్కస్ పతకం తీసి బల్ల మీద పెట్టింది. "పోనీ, రెండో చెయ్యి ఉందిగా."

ఆయన జేబులోంచి చెయ్యి తీసి, బుద్ధిగా చాచాడు.