కాలని చేతులు

పట్టకారు పోయి చాలా రోజులైనా ఆ ఇంట్లో ఎవరూ వెతకలేదు. కనకలక్ష్మి చేతులున్నాయిగా. పాలు పొంగితే గిన్నె వేళ్ళతోనే దింపుతుంది, పెనం మీద దోసె వేళ్ళతోనే తిప్పుతుంది. కొత్తది తెమ్మని మొగుడికి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. మాదాపూర్ ఆఫీసు నుంచి వచ్చే దారిలో వాసుకి సెల్‌ఫోన్ కవరు గుర్తుంటుంది, పట్టకారు గుర్తుండదు. పోనీ తనే కొనుక్కోవచ్చు. కార్ఖానా ఏరియాలో ఆమె పనిచేసే ఆఫీసు కిందే స్టీలు సామాన్ల కొట్టు ఉంది. అయినా కొనలేదు.

నిజం చెప్పాలంటే అందులో కాస్త గొప్ప కూడా ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో చెయ్యి కాలి గిన్నె జారవిడిస్తే అత్తగారు గవరమ్మ, "పొయ్యికాడ సుకుమారాలేటి? కాలగా కాలగా అదే అలవాటైపోతాది" అంది. అలాగే అయింది. చుట్టాల్లో ఇప్పుడదే మెప్పు. ఆఫీసులో ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అమెరికా డాక్టర్లు చెప్పే రోగుల వివరాలు టైపు చేస్తుంది. కాలిన కేసు వస్తే ఎలా కాలింది, వెంటనే ఏం చేశారు అని ఎంత ఓపిగ్గా చెబుతారో. కుళాయి కింద ఇరవై నిమిషాలు ఉంచాలి, ఐసూ పేస్టూ పెట్టకూడదు, బొబ్బ చిదపకూడదు. బొబ్బెక్కిన వేళ్ళతోనే అదంతా టైపు చేసి, ఇంటికొచ్చి ఉప్మా కలిపేది. ఇరవై నిమిషాలు ఏ పనీ చెయ్యకుండా నిలబడటం ఆ వంటింట్లో ఎవరికి కుదిరింది గనక.

ఆ ఆదివారం వాసు స్నేహితుడు విజయేందర్ టిఫినుకొచ్చాడు. మంచినీళ్ళ కుళాయీ అప్పుడే వచ్చింది. గవరమ్మ వంటింట్లో బిందెలు నింపుతోంది. కనకలక్ష్మి పొగలు కక్కే ఇడ్లీ గిన్నె ఉత్తచేతుల్తో తెచ్చి బల్ల మీద పెట్టింది.

"గదేంది వదినా, చెయ్యి కాల్తలేదా? జెర గుడ్డ పట్టుకోరాదుండ్రి."

"మా ఆవిడకి కాలదురా, అలవాటే" అని వాసు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి సాంబారు గిన్నె పొయ్యి మీద లేదు, గట్టు మీద ఉంది. మూడో తరగతి చదివే కూతురు సాయిదుర్గ పక్కనే నిలబడి చేతులు వెనక్కి దాచుకుంది. "ఏం కాలేదమ్మా" అంది. పెదవి వణుకుతోంది.

"గుంట కిక్కురుమన్లేదు సూడు. అచ్చం తల్లి సెయ్యే" అని మురిసిపోతూ గవరమ్మ పేస్టు కోసం లేచింది.

కనకలక్ష్మి బిందె పక్కకి నెట్టి, పిల్ల గాజులు లాగేసి, ఎర్రగా కందిన చేతుల్ని కుళాయి కింద పెట్టింది.

"ఏటే అది? ఎల్లుండి దాకా నీళ్ళు రావు. పారబోసేస్తన్నావా?"

"పారనివ్వండి అత్తయ్యా. పేస్టు వద్దు."

పెనం మీద ఇందాక వేసిన దోసె మాడుతోంది. "ఏంటా వాసన?" అంటూ వాసు గుమ్మంలోకి వచ్చాడు.

"పొయ్యి కట్టెయ్యండి."

అతను పొయ్యి ముందు నిలబడి, "ఎటు తిప్పాలి?" అన్నాడు.

సాయిదుర్గ తలెత్తి, "నువ్వు ఏడవవు కదమ్మా, నేనూ ఏడవలేదు" అంది.

పట్టకారు ఎందుకు కొనలేదో కనకలక్ష్మికి అప్పుడర్థమైంది. తన గొప్ప ఎవరి చేతుల మీదికి వచ్చిందో కూడా.

"నాకూ కాలుతుందమ్మా" అంది, హాల్లో ఉన్న విజయేందర్‌కి కూడా వినిపించేటట్టు. "రోజూ కాలుతుంది. చెప్పలేదంతే. నువ్వు ఏడువు."

పిల్ల భోరుమంది. బిందె కోసం గవరమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కనకలక్ష్మి కుళాయి ఇంకాస్త తిప్పి, కూతురి చేతుల పక్కన తన చేతులు కూడా పెట్టింది. ఇడ్లీ గిన్నె కాల్చిన చోట అప్పుడు తెలిసింది మంట.