ఉపదేశి గారి భార్య

అమెరికాలో మా ఊరు ప్లేనో నుంచి బయల్దేరే ముందురోజు రైస్ కుక్కర్‌ని రెండు టవల్స్‌లో చుట్టి నా సూట్‌కేసులో పెట్టాను. దాని గిన్నెలో ఆవకాయ సీసా, సీసా కదలకుండా చుట్టూ మా అమ్మాయి ఫెబీ సాక్సులు. ఇక నా బట్టలకి మిగిలిన చోటు చూస్తే నవ్వొచ్చింది. మా ఆయన జూడ్‌కి లండన్‌లో కాన్ఫరెన్స్ ఉంది. దానికి ముందు రెండు రోజులు ఆక్స్‌ఫర్డ్‌లో ఉందామని అడిగింది నేనే. పెళ్ళయిన పదహారేళ్ళలో ఫలానా ఊరు వెళదామని నోరు తెరిచి అడగటం అదే మొదటిసారి. ఆర్నెల్లు ఉండి వెళదామని గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య విమలకుమారి గారు కూడా మాతో బయల్దేరారు. ఆవిడకి రెండుపూటలా అన్నం పడకపోతే కళ్ళు తిరుగుతాయి. అందుకే ఆ కుక్కర్.

ఆక్స్‌ఫర్డ్‌లో నాకు కావలసింది ఒక లైబ్రరీలో మూడు గంటలు. మా అమ్మమ్మ వాళ్ళమ్మ దీవెనమ్మ బైబిలు స్త్రీ. ఆమె భర్త యేసుదాసు మిషన్‌లో ఉపదేశి, అంటే ఊళ్ళో ప్రార్థనలు నడిపి వాక్యం చెప్పేవాడు. ఆయనకి జీతం ఇచ్చారు, ఊళ్ళో చర్చి గోడమీద పేరు చెక్కించారు. ఆమె రోజూ ఆరు పల్లెలు నడిచి, పొలం నుంచి వచ్చిన ఆడవాళ్ళకి చదువు చెప్పింది. మొగుడి జీతంలో ఆమె పనీ కలిసే ఉందని ఆమెకి ఏమీ ఇవ్వలేదు. నేను నాగార్జున యూనివర్సిటీలో హిస్టరీ ఎమ్మే చేసేటప్పుడు వీళ్ళ మీద రాస్తానంటే, ఆ మిషన్ దొరల రిపోర్టులన్నీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాయమ్మా అన్నారు మా సార్. ఆ తర్వాత పెళ్ళి, ప్లేనో, ఫెబీ. ఇన్నాళ్ళకి నెలరోజులపాటు మెయిళ్ళు రాసి, ఫారాలు నింపి, బుధవారం పది నుంచి ఒంటిగంట వరకు రీడింగ్ రూమ్‌లో కుర్చీ సంపాదించాను. ఎక్కడో ఒక్క కాగితంలో ఆమె పేరు చూడాలి, అంతే. ఈ మాట చెబితే అత్తయ్య జాలిగా చూశారు. "పైన దేవుడి జీవగ్రంథంలో పేరుంటే చాలదా అమ్మా, ఈ తెల్లోళ్ళ పుస్తకాల్లో ఎందుకు?" అన్నారు. ఆ మాట ఫ్లైట్‌లో తొమ్మిది గంటలూ నన్ను నిద్రపోనివ్వలేదు.

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి హోటల్ గదిలో కిటికీ పక్క టేబుల్ మీద కుక్కర్ పెట్టి బియ్యం కడిగి పోశాను. బయట ఎవరో కుర్రాళ్ళు నల్ల గౌన్లు ఎగురుతుంటే సైకిళ్ళమీద పోతున్నారు. ఆ వయసులో నేనూ అలా హడావిడిగా ఎక్కడికో వెళుతూ ఉండేదాన్ని అనుకుంటూ ప్లగ్ పెట్టి స్విచ్ నొక్కాను. టప్‌మని మోత, కాలిన వాసన, గదిలో లైట్లు పోయాయి. అమెరికా కుక్కర్‌కి ఇంగ్లండ్ కరెంటు రెండింతలు. ఇరవై ఏళ్ళుగా చిప్‌లు డిజైన్ చేస్తున్న మా ఆయన, అడాప్టర్ కొనిచ్చి, దీంతో ప్రపంచంలో ఎక్కడైనా నడుస్తుందని చెప్పాడు. అది ప్లగ్గుని మారుస్తుందే గాని కరెంటుని మార్చదు. జూడ్ వచ్చి కుక్కర్ తిరగేసి చూసి, "వోల్టేజ్ చెక్ చేసుకోవద్దా సలోమీ?" అన్నాడు.

తర్వాత నెమ్మదిగానే మాట్లాడాడు. ఆయన ఎప్పుడూ నెమ్మదిగానే మాట్లాడతాడు, అదే నాకు ఒళ్ళు మండిస్తుంది. ఇండియన్ రెస్టారెంట్లు పన్నెండుకి గాని తెరవరట. నేను గ్రోసరీ స్టోర్ ఏదైనా వెతికి అమ్మకి అన్నం సంగతి చూస్తే, ఆయన ఫెబీకి కాలేజీలు చూపించుకొస్తాడట. "లైబ్రరీకి రీషెడ్యూల్ చేయమని ఒక మెయిల్ పెట్టు. పాత కాగితాలు ఎక్కడికి పోతాయి?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే లండన్ ట్రైన్ అని, కాన్ఫరెన్స్ జరిగినన్ని రోజులూ అత్తయ్యనీ ఫెబీనీ చూసుకోవలసింది నేనేనని ఆయనకి గుర్తు లేదు. ప్లేనోలో మా తెలుగు చర్చిలో పదకొండేళ్ళుగా సండే స్కూల్ నడుపుతున్నాను. క్రిస్మస్ ప్రోగ్రాం అయ్యాక ప్రతిసారీ స్టేజి మీద "బ్రదర్ జూడ్ గారి సతీమణికి వందనాలు" అంటారు. నేనూ ప్రతిసారీ చేతులు జోడించి నవ్వుతాను. ఇవాళ నవ్వు రాలేదు. ఫెబీ నా కోటు తెచ్చి చేతిలో పెట్టి, "అమ్మా, నువ్వు గో. నేను నానమ్మకి శాండ్‌విచ్ తెస్తా," అంది. పన్నెండేళ్ళ పిల్లకున్న తెగువ నాకు లేదేమని సిగ్గేసింది. ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగాను.

ఫోనూ బ్యాగూ లాకర్లో పెట్టి, పెన్సిల్ మాత్రం తీసుకుని లోపలికి వెళ్ళాను. నాకోసం తీసిపెట్టిన పెట్టెలు అయిదు. పన్నెండున్నరకి మొదటిది పూర్తయింది. ఆ రిపోర్టులు రాసిన దొర చేతిరాత ఎంత ముచ్చటగా ఉందో. ఉపదేశి యేసుదాసు పేరు ప్రతి ఏడాదీ ఉంది. ఒకచోట, ఉపదేశి భార్య ఈ సంవత్సరం నలభై ఒక్కమంది స్త్రీలకు చదవటం నేర్పింది, ఆమె ఓర్పు చూసి ఆశ్చర్యపోయాను అని రాశాడు. మరోచోట, ఉపదేశి భార్య కాన్పయిన పదో రోజునే పల్లెలకు బయల్దేరింది అని. ఆ బిడ్డ మా అమ్మమ్మే అయ్యుండాలి. ఎక్కడ చూసినా ఉపదేశి భార్యే, పేరు లేదు. దొరగారి గుర్రం పేరు మాత్రం డైసీ. పెట్టె మొత్తంలో నాలుగుసార్లు వచ్చింది డైసీ. దానికి జ్వరం వచ్చిన వారమంతా పనులు ఆగిపోయాయట. నేను గట్టిగా నవ్వాను. పక్క టేబుల్ ముసలాయన తలెత్తి చూశాడు. ఆ నవ్వు సగంలో ఏడుపయింది. దీవెనమ్మ మీద జాలితో కాదు, స్టేజి మీద చేతులు జోడించి నవ్వే నా మీద నాకు కోపంతో.

ఒంటిగంటకి లాకర్ తెరిస్తే ఫోన్‌లో జూడ్ మెసేజ్‌లు తొమ్మిది. అమ్మ శాండ్‌విచ్ సగమే తిన్నది, నువ్వెక్కడ, రెస్టారెంట్ పేరేంటి, రేపటి ట్రైన్ టైమెంత. అన్నీ ఆయన ఫోన్‌లోనూ దొరికేవే. చదువుతుంటే పొద్దున్న మెట్లు దిగినప్పటి భయం మళ్ళీ కాసేపు వచ్చి, పోయింది. "మీరు ముగ్గురూ రేపు లండన్ వెళ్ళండి. నేను ఇంకా నాలుగు పెట్టెలు చూడాలి, ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు ఉంటాను. అత్తయ్యని కాన్ఫరెన్స్‌కి వెంటబెట్టుకెళతారో, ఫెబీని ఆవిడకి తోడు కూర్చోబెట్టి వెళతారో మీరే ఆలోచించండి," అని రాసి పంపాను. ఫోన్ మళ్ళీ లాకర్లో పెట్టి వెనక్కి నడిచాను.

కౌంటర్ దగ్గరున్నావిడ, మిగతా పెట్టెలు రేపటికి ఉంచమంటారా, వెనక్కి పంపించమంటారా అని అడిగింది. ఉంచమన్నాను. ఒక చీటీ ఇచ్చి నింపమంది. పేరున్న చోట నా పేరు రాశాను. దేని గురించి వెతుకుతున్నారు అన్న చోట దీవెనమ్మ అని ముందు ఇంగ్లీషులో, దానికింద తెలుగులో రాశాను. ఆవిడ చీటీ మీద తేదీ ముద్ర వేసి, నా కళ్ళముందే ఫైల్లో పెట్టింది. నేను చూసినంతవరకు, ఆ లైబ్రరీలో ఆమె పేరున్న కాగితం అదొక్కటే.