విముక్తి బడికో పొట్టేలు

ఆ పొద్దున చివ్వెంల దిక్కు మబ్బు పట్టింది. కురిసే మబ్బు కాదు. ఓట్లప్పటి నాయకుడిలా ఊరి మీదికి వంగి, దండం పెట్టి, సూర్యాపేట వైపు జరిగిపోయే రకం.

నాగయ్య దాన్నొకసారి చూసి, గొర్రెల మందను దొడ్లోనే ఉంచాడు. ఆ రోజు బడికి పేరు మారుతుంది. భూపతిరావు దొర పేరు పోయి 'విముక్తి పాఠశాల' అవుతుంది. దానికోసం అతను ఏళ్ల తరబడి తిరిగాడు. బడికి స్థలం దొర ఇచ్చిన మాట నిజమే. ఎవరి దగ్గర గుంజుకుని ఇచ్చాడో మాత్రం బోర్డు మీద లేదు. ఆ కాలంలో దొర గడీలో పండుగొస్తే గొల్లల ఇంటికొక గొర్రెను ఊరికే తోలాలి. ఒకసారి ధర అడిగినందుకు నాగయ్య తండ్రిని ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. ఆ దొర పేరు కిందనుంచే మనవరాలు సంతోషి రోజూ బడికి పోతోంది.

కొత్త పేరు తేలిగ్గా రాలేదు. సూర్యాపేట నాయకుడు తన తండ్రి పేరన్నాడు. మిర్యాలగూడ రైస్‌మిల్లు సేటు రంగు డబ్బాలు పంపి తన తల్లి పేరన్నాడు. కోదాడ కాంట్రాక్టరు పేరేదైనా సరే, కమాను పని తనకిమ్మన్నాడు. ఎవరికీ కుదరక విముక్తి దగ్గర ఆగారు. కప్పు కారుతోందని హెడ్మాస్టరమ్మ పూర్ణిమ అంటే, అది తర్వాత చూద్దాం మేడం అన్నారు.

సర్పంచ్ సతీష్ కారు దొడ్డి ముందు ఆగింది.

"నాగయ్యా, మంచి పొట్టేలొకటి తోలు. పేట నుంచి పెద్దమనుషులొస్తున్నరు."

"ఎవలు కొంటున్నరు పటేలా?"

"కొనుడేందే! ఊరి పని గాదా?"

లోపలినుంచి నాగయ్య భార్య సరోజన అందుకుంది. "మా మామకు దొర మనిషి గూడ గదే చెప్పిండంట. కాకుంటే గాయన గుర్రమెక్కొచ్చిండు."

సతీష్ ముఖం మాడింది. "నన్ను దొరతోని కలుపుతరా? సరే. పొట్టేలు లేకుంటే దావత్ లేదు. దావత్ లేకుంటే సార్లు రారు. ఇగ కొత్త బోర్డు దింపిస్త, పాత పేరే ఉంటది. సూస్కో!"

కారు పోయింది. నాగయ్య పొట్టేలు మెడ మీద చెయ్యేసి లెక్క చూసుకున్నాడు. ఇస్తే దొర పేరు పోతుంది. ఇవ్వకపోతే పొట్టేలూ ఉంటుంది, దొరా ఉంటాడు. ఆఖరికి చేతికర్ర తీసుకుని ఒక్కడే బడికి నడిచాడు.

పాత పేరు మీద బిగించిన కొత్త బోర్డు, తెల్లగుడ్డ కప్పుకుని పెద్దల కోసం చూస్తోంది. నాగయ్య ఎవరినీ అడగలేదు. కర్ర కొనకు తగిలించి గుడ్డ లాగేశాడు. పిల్లలు కొత్త పేరు పైకి చదివి చప్పట్లు కొట్టారు.

"ఏయ్ నాగయ్యా! గది పేట సారు గుంజాలె!" సతీష్ ఉరికొచ్చాడు.

"సారొచ్చినంక మళ్ల కప్పు పటేలా. మళ్ల గుంజుతడు."

అంతమంది పిల్లలు చదివేసిన పేరును మళ్లీ కప్పే దారీ, దింపే దారీ సతీష్‌కు తోచలేదు. సారు రానే లేదు. దావత్ లేదని తెలిసి మిర్యాలగూడ పెళ్లికి మళ్లాడు.

మధ్యాహ్నం గంట కొట్టారు. పూర్ణిమ మేడం అందరికీ పళ్లాలు పెట్టించింది. అన్నం, నీళ్ల పప్పు, ఉడికిన గుడ్డు. నాగయ్య వరండాలో సర్పంచ్ పక్కనే కూర్చున్నాడు.

గేటు బయట ఆటో ఆగింది. డ్రైవరు కేకేశాడు. "దొర బడి, దొర బడి! ఎవలున్నరు, దిగాలె!"

సంతోషి తాత వైపు చూసింది. నాగయ్య, సర్పంచ్ ఇద్దరూ పళ్లాల మీదికి వంగారు. పప్పు కలుపుకుని తిన్నారు.