కత్తెర కథకు కొత్త గొంతు

భార్య పోయిన కొన్నాళ్ళకు ఆమె గొంతు కూడా పోయింది. మనిషి పోవడమంటే ఒక్కసారే పోవడం అనుకుంటాం గానీ, అది వాయిదాల మీద జరిగే పని అని కత్తెర అనే ఆ దర్జీకి అప్పుడు తెలిసింది. ముఖం ఉంది, గోడ మీద పటం ఉంది కాబట్టి. నడక కూడా ఉంది. కుట్టు మిషను ఆపిన ప్రతిసారీ వంటింట్లో చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. డబ్బా మూత పడినట్టు వినిపిస్తుంది. ఒక్కోసారి దగ్గు కూడా. తల తిప్పి చూస్తాడు, ఎవరూ ఉండరు. మొదట్లో ఒళ్ళు జలదరించేది, తరవాత తరవాత అదే తోడైపోయింది. కానీ "ఏమండీ" అన్న పిలుపు కోసం ఎంతసేపు చెవులు రిక్కించినా అది మాత్రం రాదు. ఆ మాట ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే తన గొంతే వినిపిస్తుంది, ఆడమనిషిని అనుకరిస్తున్న మగవాడి గొంతులా, వెగటుగా.

"ఆవిడ గొంతు రికార్డు చేసి పెట్టుకోవాల్సిందండీ" అన్నారు, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళెవరో. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగే పెళ్ళాన్ని ఎవడు రికార్డు చేస్తాడు?

కత్తెర అన్నది అసలు పేరు కాదు. పగలంతా కోట్లూ చొక్కాలూ కుట్టి, తీరిక దొరికితే కథలు రాసే ఆ మనిషికి మేడ మీద జనం పెట్టిన పేరది. ఆ మేడ సంగతి కాస్త చెప్పాలి.

ఆ ఊళ్ళో రాసేవాళ్ళకు కొదవ లేదు. కళ్ళు మూసుకుని రాయి విసిరితే ఎవరో ఒక కవికి తగులుతుంది. లైబ్రరీలో ఉపన్యాసం, పుస్తకాల షాపులో ఆవిష్కరణ, పార్కులో కవి సమ్మేళనం, ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. కత్తెరా, అతని భార్య టీచరమ్మా ఏదీ వదిలేవారు కాదు. పెళ్ళికి పిలిస్తే ఎగ్గొడతారు గానీ పుస్తకం విడుదలకు పిలవకపోయినా వెళతారని చుట్టాలు ఆడిపోసుకునేవారు. ఇద్దరూ వెనక వరసలో కూర్చునేవారు. వేదిక మీద పెద్దమనిషి పుస్తకం వదిలేసి తన చిన్నతనంలోకి వెళ్ళిపోగానే ఆవిడ మోచేత్తో పొడిచేది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే నవ్వు ఆగదని చెరో పక్కకూ తిరిగి కూర్చునేవారు. సభ అయ్యాక మేడ మీదికి భోజనానికి పోయేవారు.

మేడ అంటే పుస్తకాలు బైండింగు చేసే షాపు మీద ఉన్న హోటలు. ఇరుకు మెట్లెక్కి వెళ్ళాలి. సూపు, రొట్టె, కాఫీ, ఆ పూట ఏది వండితే అది. రాసేవాళ్ళకు అది పుట్టిల్లు. ఒక్క కాఫీ చెప్పి సాయంత్రం దాకా కదలకపోయినా హోటలావిడ వచ్చి నెత్తిన నిలబడదు. బల్లల మీద గుడ్డ బదులు తెల్లకాగితం పరుస్తుంది. ఏదైనా తోస్తే దాని మీదే రాసుకుని, ఆ ముక్క చింపుకుని పోవచ్చు. ఎవరైనా తల వంచుకుని రాస్తుంటే ఆవిడ కప్పు కూడా చప్పుడు కాకుండా పెడుతుంది.

నెలకో ఆదివారం మధ్యాహ్నం అక్కడ కథ చదువుతారు. ఒకటే షరతు, రాసినవాళ్ళు చదవకూడదు. పూర్వం ఒక కవిగారు తన కవిత తానే చదువుతూ వెక్కివెక్కి ఏడ్చాడట. ఏడ్చేవాణ్ణి పట్టుకుని బాగాలేదని ఎలా అంటారు? అందరూ చప్పట్లు కొట్టారట. హోటలావిడ గరిటె చేత్తో పట్టుకునే వచ్చి, "నేను వండి, నేనే తిని, ఆహా అని లొట్టలేస్తే మీకు రుచి తెలుస్తుందా? ఇవాళ్టి నుంచి ఒకరిది ఇంకొకరు చదవండి" అంది. అదే శాసనమైపోయింది. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో పడేసి రావాలి. చదివే మనిషి కిటికీ పక్కన నిలబడి చదవాలి.

కత్తెర కథలు టీచరమ్మే చదివేది. ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతు అది. ఎంత మెల్లగా మాట్లాడినా వెనక బెంచీ దాకా వెళ్ళేది. కథ తయారయ్యేది కూడా ఆ గొంతులోనే. రాసిన పేజీని అతను ఆవిడకు ఇచ్చేవాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి పైకి చదివేది. ఎక్కడ ఆగితే అక్కడ ఇతను గీత పెట్టుకుని, మళ్ళీ రాసేటప్పుడు వాక్యాన్ని అక్కడికి తెగ్గొట్టేవాడు. "ఒంటికి సరిపోయేట్టు బట్ట కుడతాను. నీ నోటికి సరిపోయేట్టు మాట కుడతాను" అని మురిసిపోయేవాడు. మొదట్లో అరపేజీ సాగే అతని వాక్యాలు రానురానూ పొట్టివయ్యాయి. మేడ మీద అందరికీ పెద్దదిక్కయిన ప్రొఫెసరు అది కనిపెట్టి, "ఏమయ్యా, మాటల్ని కత్తెరేసి పారేస్తున్నావే! ఇదీ పొదుపంటే!" అన్నాడు. అప్పటి నుంచి అతను కత్తెర. ఆ శైలి గురించి ప్రొఫెసరు పత్రికలో పెద్ద వ్యాసం కూడా రాశాడు.

టీచరమ్మ మంచాన పడి ఎంతోకాలం ఉండలేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నాడు డాక్టరు. "ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఏళ్ళుగా ఆయాసపడుతూ ఉండాలే, మీరు గమనించలేదా?" అని అడిగాడు. లేదండీ అన్నాడు కత్తెర. అబద్ధం చెప్పలేదు. మెట్లెక్కితే ఎవరికైనా ఆయాసం రాదా అనేది ఆవిడ. ఆ మాట నిజమే కదా అనుకునేవాడు ఇతను.

ఆవిడ గొంతు కోసమే అతను మళ్ళీ కలం పట్టాడు. కథ రాస్తే గొంతు దానంతట అదే వస్తుందని ఆశ. రాయడమైతే అయింది. లైబ్రరీ పుస్తకం తిరిగి ఇవ్వడానికి బయల్దేరిన ఒక ముసలామె కథ. చెయ్యి పాత అలవాటు కొద్దీ తెగ్గొట్టుకుంటూ పోయింది. కానీ రాస్తున్నంతసేపూ ఇల్లు మూగదానిలా కూర్చుంది. ఇక మిగిలింది మేడ ఒక్కటే. అదే కిటికీ, అదే వేళ, అవే మొహాలు. అక్కడ కూడా రాకపోతే ఆవిడ తనకు పూర్తిగా పోయినట్టే అనుకుని, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని ఆదివారం మధ్యాహ్నం మెట్లెక్కాడు.

"రా అన్నయ్యా. ఎన్నాళ్ళకు!" అని హోటలావిడ ఎదురొచ్చింది. వదిన లేకుండా అతన్ని ఆ గుమ్మంలో చూడడం ఆవిడకు అదే మొదలు. కళ్ళు తుడుచుకుని, "కథ తెచ్చావా? ఎవరు చదువుతారు మరి?" అంది.

"నేనున్నాగా" అంటూ ప్రొఫెసరు కళ్ళజోడు సర్దుకున్నాడు. ప్రొఫెసరు చదివితే ప్రేమలేఖ కూడా పరీక్ష పేపరులా ఉంటుంది.

"నేను చదవనా బాబాయ్ గారూ?" అంది పక్క బల్ల దగ్గరి అమ్మాయి. రేడియోలో వార్తలు చదువుతుందట. మేడకు కొత్త. టీచరమ్మను ఎప్పుడూ చూడలేదు, వినలేదు.

"మీరా? చిన్న చిన్న వాక్యాలండీ. కాస్త కష్టం" అన్నాడు కత్తెర.

"భలేవారే. గుక్క తిప్పుకోకుండా బులెటిన్ మొత్తం చదివేస్తాను. ఇదెంత?" అని నవ్వి ఆ అమ్మాయి చెయ్యి చాపింది.

కిటికీ పక్కన నిలబడి మొదలుపెట్టింది. కంచు గొంతు. మొదటి పేజీ వార్తలు చదివినట్టే చదివేసింది. కత్తెర నీరుగారిపోయాడు. ఇదేమిటి, తన కథ ఇలా ఉందేమిటి, ఎవరిదో చొక్కా ఇంకెవరో తొడుక్కున్నట్టు! ఇక్కడికి ఎందుకు వచ్చానా అనిపించింది. తల వంచుకుని, బల్ల మీది తెల్లకాగితం అంచును గోటితో గిల్లుతూ కూర్చున్నాడు.

రెండో పేజీలో కథలోని ముసలామె లైబ్రరీ మెట్ల దగ్గరికి చేరింది.

"మెట్లు చూసింది. ఎక్కింది. ఆగింది. పుస్తకం చెయ్యి మార్చింది. ఇంకో మెట్టు. ఆగింది. కిందికి చూసింది. ఎవరూ లేరు. ఇంకో మెట్టు."

అమ్మాయి ప్రతి మాటకూ గాలి పీల్చాల్సి వస్తోంది. పీల్చినదాన్ని వదలడానికి చోటు లేదు, ఈలోపే ఇంకో వాక్యం. కంచు గొంతు కాస్తా పలచబడింది. మాట చివర సన్నగా వణికింది. ఒక చెయ్యి మెల్లగా కుర్చీ వీపు మీదికి పోయింది.

"ఎండగా ఉంది. నీడ లేదు. ఇంకో మెట్టు."

కత్తెర గోరు ఆగిపోయింది. ఆ "నీడ లేదు" అన్నది రేడియో అమ్మాయి కాదు. ఆ మెత్తదనం, చివర్లో ఆ సగం మింగడం, తరవాతి మాటకు ముందు ముక్కుతో లాగిన ఆ చిన్న గాలి! అదే. అచ్చంగా అదే. ఇన్ని నెలలు ఇల్లంతా వెతికితే దొరకని గొంతు నలుగురి మధ్య, పట్టపగలు, కిటికీ పక్కన నిలబడి చదువుతోంది. వంటింటి గుమ్మంలో హోటలావిడ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "వదిన..." అంది పైకే. కత్తెర కళ్ళు మూసుకున్నాడు. వచ్చావా, వచ్చావా అని లోపల ఒకటే గోల.

"ఆహా, ఆ విరామం చూశారా? మాట కంటే మౌనమే ఎక్కువ మాట్లాడుతోంది" అని గుసగుసగా అన్నాడు ప్రొఫెసరు.

సరిగ్గా ఈ మాటే ఆయన టీచరమ్మ చివరిసారి చదివిన రోజూ అన్నాడు. కత్తెరకు కళ్ళు తెరుచుకున్నాయి. ఆ రోజు ఆవిడ కూడా కుర్చీ వీపు పట్టుకునే నిలబడింది. రెండేసి మాటలకు ఆగింది. ప్రతి ఆగుడుకూ వీళ్ళు మైమరచిపోయారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగితే కథ కదిలించిందనుకున్నారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు, ఇతని ఛాతీ ఉబ్బిపోయింది. దిగేటప్పుడు ఆవిడ మెట్ల మధ్య కూర్చుండిపోయి, "ఉండండి, కాస్త ఆగి వస్తాను" అంటే, తను ప్రొఫెసరు మెప్పు నెమరేసుకుంటూ కిందికి వెళ్ళి నిలబడ్డాడు.

గమనించలేదా అని అడిగాడు డాక్టరు. గమనించకపోవడమేమిటి? వాక్యం వాక్యానికీ గమనించాడు. ఆవిడ ఆగిన ప్రతిచోటా గీత పెట్టుకున్నాడు. ఊపిరి ఒక మాట మేర తగ్గితే తనూ ఒక మాట తగ్గించి రాశాడు. ఏటికేడాది చిక్కిపోతున్న మనిషి బట్టల్ని నేర్పుగా బిగించి కుట్టిచ్చాడే గానీ, ఎందుకిలా చిక్కిపోతున్నావమ్మా అని నోరు తెరిచి ఒక్క మాట అడగని దర్జీ తను. అది శైలి కాదు. ఆయాసం. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, మాట మాటకూ అర్థం పీకేవాళ్ళు కూర్చుని విన్నారు, వ్యాసం కూడా రాశారు. ఒక మనిషికి ఊపిరి ఆడడం లేదని ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళదేముంది, పక్కన పడుకున్నవాడికే తట్టలేదు.

"ఇంకో మెట్టు. కళ్ళు తిరిగాయి. ఇంకో మెట్టు."

రేడియో అమ్మాయి పెదాలు పాలిపోయాయి. కుర్చీ మీది వేళ్ళు తెల్లబడ్డాయి. మొహమాటానికి చదువుతోంది, మధ్యలో ఆపితే పెద్దాయన నొచ్చుకుంటాడని. ఆవిడా అందుకే చదివిందేమో. ఇంకా పేజీలున్నాయి. ఆ పేజీలున్నంతసేపూ ఆ గొంతు ఉంటుంది. ఆపితే మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. ఇంకొక్క వాక్యం విందామని ఆశపడ్డాడు కత్తెర, విన్నాడు. సిగ్గుపడుతూ మరొకటి విన్నాడు. ఆ గొంతు ఎంత బాగుందంటే, ప్రాణం లేచి వచ్చినట్టుంది.

అతను లేచాడు. బల్లలు తప్పించుకుంటూ కిటికీ దాకా వెళ్ళి అమ్మాయి చేతిలోంచి కాగితాలు లాగేసుకున్నాడు.

"ఏమయ్యా, పండుతున్న రసమంతా పాడుచేశావు! పూర్తికానీ!" అని ప్రొఫెసరు కేకేశాడు.

కత్తెరకు అది వినిపించలేదు. కుర్చీ ఇటు తిప్పాడు. ఇందాకటి దాకా మీరూ మీరూ అన్న అమ్మాయితో, "చాలోయ్. చదవకు" అన్నాడు. "నీకు ఊపిరి ఆడడం లేదు. కూర్చో."

అమ్మాయి అతని మొహం చూసి కూర్చుంది. కత్తెర ఒక్క క్షణం చెవి ఒగ్గాడు. ఏ గొంతూ లేదు. కుర్చీలో ఒక అమ్మాయి రొప్పుతోంది, అంతే. ఆ రొప్పు తగ్గి, గాలి మామూలుగా లోపలికి పోయి మామూలుగా బయటికి వచ్చేదాకా అతను ఆ పక్కనే నిలబడ్డాడు.